తలరాత మీద ఆకురాయి

నాచారంలో ఇత్తడి పోతలు పోసే కార్ఖానాలో నేను ఆకురాయి పట్టేవాణ్ణి. పోత అంటే కరిగిన లోహాన్ని ఇసుక అచ్చులో పోసి, చల్లారాక బయటికి తీసిన వస్తువు. అది అచ్చులోంచి వచ్చేటప్పుడు చూడ్డానికి అంత బాగుండదు. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట ఒక గీత, ఇసుక గీసుకున్న చోట ఇంకో గీత, ఒళ్ళంతా గరుకు. ఆ గీతలన్నీ రాసి రాసి పోగొట్టడమే నా పని. నా పని అయ్యాక మా మేస్త్రి వచ్చి దాని మీద బొటనవేలి గోరు అటూ ఇటూ నడిపించేవాడు. గోరు ఎక్కడైనా తగిలిందా, "మాల్ వాపస్" అని నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయేవాడు.

నాకు అసలే ముక్కు మీద కోపం. ఆ రెండు మాటలూ మళ్ళీ వినకూడదని పంతం పట్టి పని నేర్చుకున్నాను. ఎనభైల నడిమికి వచ్చేసరికి, నేను రుద్దిన పంపు మూత మీద ఈగ వాలితే జారిపడుతుందని కార్ఖానాలో చెప్పుకునేవారు. ఆ మాట మొదలుపెట్టింది నేనేనని కొందరంటారు. అది అబద్ధం కాదు.

మా ఇల్లు కార్ఖానాకు నడక దూరం. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే, ముందు గది ఖాళీగా ఉండేది. ఉప్పల్‌లో మ్యాపులు గీసే విద్య నేర్పే సర్కారు శిక్షణ కేంద్రం ఒకటుంది. అక్కడికి దేశదేశాల వాళ్ళు నెలల తరబడి చదువుకోడానికి వచ్చేవారు. వాళ్ళలో నైజీరియా నుంచి వచ్చిన ఒకాయన ఓ ఆదివారం మా చర్చికి వచ్చి, మా అందరికంటే గట్టిగా పాడి, తిరిగి వెళ్తూ మా వాకిట్లో టక్కున ఆగిపోయాడు. లోపల అమ్మ ఎండుచేపల పులుసు పెడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది 'ఫిష్' ఒక్కటే. అమ్మకు అదీ అక్కర్లేకపోయింది.

"ఆకలైతున్నట్టుంది, లోపటికి రమ్మను" అంది.

తిన్నాడు. మారు వడ్డించుకుని తిన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే హాస్టల్ నుంచి పెట్టె తెచ్చుకుని మా ముందు గదిలో దిగాడు.

ఆయన రెండు చెంపల మీదా మూడేసి నిలువు గీతలు ఉండేవి. పాత గాట్లు. బస్తీలో అందరికీ అడగాలని ఉంది, నోరు రాదు. అమ్మకు అలాంటి మొహమాటాలు లేవు. మొదటి రోజే అడిగేసింది.

"పిల్లి గీకిందా బిడ్డా?"

నాకొచ్చిన కార్ఖానా ఇంగ్లీషులో నేను "క్యాట్?" అని చెంప చూపించాను. ఆయన పడీ పడీ నవ్వాడు. చిన్నతనంలోనే ఇంటివాళ్ళు పెట్టించిన గుర్తులట. వాళ్ళు యోరుబా అనే జాతివాళ్ళు. వాళ్ళ ఊళ్ళో పాతకాలం మనుషులు ఆ గీతలు చూసి ఎవరింటి పిల్లాడో చెప్పేస్తారట. వాళ్ళ నాయనమ్మ చెంపల మీదా అవే మూడు ఉన్నాయట. అమ్మ వెంటనే తన చెయ్యి చాపి పచ్చబొట్టు చూపించింది. నాలుగు చుక్కలు, వాటి కింద అడ్డగీత. జాతరలో తప్పిపోతే గుర్తుపట్టొచ్చని అమ్మమ్మ పొడిపించింది. బాప్తిస్మం తీసుకున్నాక మా వాళ్ళలో కొందరు పచ్చబొట్లు కొంగు కింద దాచుకున్నారు. అమ్మ దాచలేదు. "మా అమ్మ పెట్టించింది, దేవునికి తెల్వదా" అనేది. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. ఆ మాట మీరు జర గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు.

నాలుగైదు నెలల్లో ఆయనకు తెలుగు వచ్చేసింది. అంతా అమ్మ దగ్గర నేర్చిందే. ఓసారి వాళ్ళ పెద్ద సారు గదిలోకి వస్తే ఈయన లేచి కుర్చీ చూపించి "కూసో బిడ్డా" అన్నాడట. సారు కూర్చున్నాడట కూడా. ఆ కథ ఇంటికొచ్చి చెబితే ముగ్గురం కడుపులు చెక్కలయ్యేలా నవ్వాం. నన్ను అన్న అనేవాడు, నేనూ ఆయన్ని అన్న అనేవాణ్ణి. ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు.

ఒక సాయంత్రం ఆయన పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డమూట తీశాడు. విప్పితే అందులో ఇత్తడి తల. నా గుప్పెడంత ఉంది. కళ్ళు సగం వాల్చి, పెదాలు మూసి, ఎవరి మాటో వింటున్నట్టుంది. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖమంతా సన్నటి నిలువు గీతలు. దాన్ని రెండు చేతులా పట్టుకుని నా వైపు చూసి "ఓరి" అన్నాడు.

నాకు సర్రున కోపమొచ్చింది. ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతుంటే నన్ను పట్టుకుని ఓరి అంటాడా అని లేచాను. అమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టింది. ఆయనకు నేనెందుకు లేచానో తెలియక తలను మళ్ళీ చూపించి, తన తలను తట్టుకుని, మళ్ళీ "ఓరి" అన్నాడు. వాళ్ళ భాషలో తలను ఓరి అంటారట. ఉత్త తల కాదట. మనిషి పుట్టకముందే తన బతుకు ఎలా ఉండాలో తలలో పెట్టుకుని వస్తాడట, దానికీ అదే పేరట. అందుకే వాళ్ళ కొయ్యబొమ్మల్లో తలను ఒంటికి మించి పెద్దదిగా చెక్కుతారట. ఇది చెప్పడానికి ఇంగ్లీషు, తెలుగు, చేతులు అన్నీ వాడి ఆయన చెమటలు కక్కుతుంటే, అమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే తేల్చేసింది.

"గంతేకద. తలరాత."

ఆ మాట ఆయన నాలుగుసార్లు అనిపించుకుని మరీ నేర్చుకున్నాడు.

తర్వాత కొన్ని ఫోటోకార్డులు పరిచాడు. వాళ్ళ ఊరు ఇఫే. వందల ఏళ్ళ కిందట అక్కడి పోతగాళ్ళు పోసిన తలలు, మనిషి తలంత పెద్దవి, నేలలో పూడిపోయి మళ్ళీ బయటపడ్డాయట. అవి పోసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవట. వాటి ముఖాల మీది గీతలు ఏమిటో ఇప్పటికీ తగువేనట. రాజు కిరీటం నుంచి ముఖం మీదికి వేలాడే పూసల దండల నీడలని కొందరు, చెంపల మీద పెట్టుకునే గాట్లని కొందరు. అంతకంటే చాలా పాతవి, రెండు వేల ఏళ్ళ నాటి మట్టి తలలు కూడా వాళ్ళ దేశంలో తగరం గనులు తవ్వుతుంటే దొరికాయట. వాటి కంటిపాపలు ఉత్త రంధ్రాలు, అయినా మనల్నే చూస్తున్నట్టున్నాయి. ఇఫే తలల్ని మొదట చూసిన ఒక తెల్లదొర ఇంత మంచి పని ఇక్కడివాళ్ళది కాదనీ, ఎప్పుడో సముద్రంలో మునిగిన రాజ్యం వాళ్ళదై ఉంటుందనీ అన్నాడట. అది వినగానే నాకు ఒళ్ళు మండింది. మా కార్ఖానా మాల్ కూడా ఫారిన్ పేరున్న డబ్బాలో పెడితేనే కొనేవాళ్ళు. చేసిన చెయ్యి ఇక్కడుంటే మెచ్చుకోలు మునిగిపోయినవాడికా?

ఈ చిన్న తల మాత్రం పాతది కాదు. వాళ్ళ నాయనమ్మకు అన్న వరసైన ముసలాయన పోసినది. మట్టిముద్ద మీద తేనెమైనం పూసి, ఆ మైనంలోనే ముక్కూ కళ్ళూ గీతలూ తీర్చి, పైన మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితేగానీ తల బయటికి రాదు, అంటే ఒక అచ్చుకు ఒకే తల. ఒక్క నమూనాతో వందల మూతలు దింపే మాకు ఆ మాట వింటే భయమేసింది. పొరపాటు జరిగితే మళ్ళీ పోయలేరు కదా. పోసిన ఆయన ఎప్పుడో పోయాడు.

నాయనమ్మ దాన్ని ఇచ్చేయలేదు, తోడుగా పంపింది. తిరిగొచ్చాక మళ్ళీ తన చేతిలోనే పెట్టాలని మనవడి దగ్గర మాట తీసుకుందట. ఆమెకు చూపు మందగించింది. పొద్దున్నే లేచి ఆ ముఖాన్ని బొటనవేలితో తడిమి, పోయిన తన అన్నతో మాట్లాడుకునేదట.

ఇంతకీ ఆయన దాన్ని బయటికి తీసిన కారణం వేరు. వచ్చే శనివారం శిక్షణ కేంద్రంలో విదేశీ విద్యార్థుల సభ. ఎవరి దేశపు వస్తువు వాళ్ళు చూపించి నాలుగు మాటలు చెప్పాలి. తల కింద పీట విరిగిపోయి అది నిలబడటం లేదు.

"అన్న, నిలవడాలె. గంతే" అన్నాడు.

బుధవారం కార్ఖానాకు తీసుకెళ్ళాను. అన్నం బెల్లుకు ముందే పీట అతికేశాను. అతుకు ఎక్కడుందో కనిపించనంత శుభ్రంగా. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ బల్ల మీద నిలబడ్డ ఆ ముఖం వైపు చూశాను. అన్ని గీతలు. నా బొటనవేలు దానంతట అదే చెంప మీదికి వెళ్ళింది. గోరు టకటకా తగిలింది. పాపం, ముసలాయన, సరైన ఆకురాయి దొరికి ఉండదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. స్నేహితుడికి అడక్కుండానే మేలు చేస్తున్నానన్న సంబరంతో ఎడమ చెంప రుద్దడం మొదలుపెట్టాను. గరుకు ఎమరీ కాగితం పెట్టాను, పాలిష్ పెట్టాను. సైరన్ మోగేసరికి ఎడమ సగం అద్దమైపోయింది.

ఇంటికెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ముందు పీట చూసి నవ్వాడు. తర్వాత తల తిప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"అన్న, గీతలేవి?"

"తీసేసిన. మస్తు నున్నగైంది చూడు. టైం సాల్లేదు, ఇంకో చెంప రేపు జేస్త."

ఆయన గడప మీద మెల్లగా కూర్చుని ఆ నున్నటి చెంప మీద వేలు పెట్టుకున్నాడు. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆ తలను చూసింది, ఆయన చెంపలు చూసింది, నన్ను చూసింది.

"ఏం జేసినవ్‌రా" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. తన పచ్చబొట్టు చెయ్యి నా ముందుకు చాపింది. "ఇగో, ఇది గూడ గీకు. నీ ఆకురాయి తెచ్చి ఇది గూడ నున్నగ జెయ్యి. ఆ పిల్లగాని తలరాతనే గీకేసినవ్ కదరా."

నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా నా చేతుల్ని చూసుకుని గర్వపడ్డవాణ్ణి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిడతాడేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు తనదేననీ, గీతల సంగతి ముందే చెప్పాల్సిందనీ అన్నాడు. ఆ చెంప తడుముతూ, "శనివారం ఫికర్ లేదన్న. నాయనమ్మకు ఏం జెప్పాలె?" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు, అమ్మ కూడా తినమని అనలేదు.

మర్నాడు పొద్దున తలను మేస్త్రి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన అలవాటుగా గోరు నడిపించాడు. ఎడమ చెంప మీద జర్రున జారింది. కుడి చెంప మీద తగిలింది.

"మన లెక్కల గిది పాస్, గది మాల్ వాపస్. ఆళ్ళ లెక్కల ఉల్టా" అన్నాడు. సొరుగులోంచి సన్నటి ఉలి ఒకటి, ఇంత ఇత్తడి తుక్కు తీసి నా ముందు పడేశాడు. "ఇన్నేండ్లు గీతలు తీసుడే నేర్సినవ్. ఇగ పెట్టుడు నేర్సుకో."

గీత తీయడం వచ్చినవాడికి గీత పెట్టడం వస్తుందనుకోకండి. ఆ రోజంతా తుక్కు మీద కోళ్ళు గీరినట్టే వచ్చింది. కొట్టగా కొట్టగా చెయ్యి కుదిరింది. శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే ఇంటి అరుగు మీద కూర్చున్నాను. చెంప మీద స్కేలు పెట్టి తిన్నగా గీత కొట్టబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతున్నాడు.

"చెంప బల్ల కాదన్న" అన్నాడు.

లోపలికి వెళ్ళి మ్యాపుల పెన్నూ నల్ల సిరా తెచ్చాడు. మ్యాపులో కొండ ఎత్తుపల్లాలు చూపించడానికి ఒంపులు తిరిగే గీతలు గీస్తారట. ఒకటి పక్కదాన్ని తాకకూడదు, నేల ఎటు ఒరిగితే గీత అటు ఒరగాలి. ఎనిమిది నెలలుగా ఆయన నేర్చుకున్నది అదే. కుడి చెంప గీతలు లెక్కపెట్టి, ఎడమ చెంప మీద ఒక్కొక్కటే దింపాడు. బుగ్గ ఉబ్బిన చోట గీత పక్కకు ఒదిగింది, పెదవి దగ్గర లోపలికి దిగింది. నైజీరియా ముఖం మీద ఉప్పల్‌లో నేర్చిన కొండగీతలు. ఆయన గీసిన దారిలో నేను ఉలి నడిపించాను.

అమ్మ మా ఇద్దరి మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడింది. చాయ్ మీద చాయ్ పోసింది. ఉలి వెళ్ళిన దారి పక్కన ఇత్తడి సన్నగా లేస్తుంది, గరుకుగా. దాన్ని చూస్తే నాకు ఆగదు. చెయ్యి మూడుసార్లు ఆకురాయి మీదికి పోయింది. నాలుగోసారి వెతికితే ఆకురాయి లేదు. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది. అయ్యాక చివర్లో, ఆమే కొబ్బరిపీచుతో మెత్తగా తుడిచి ఇచ్చింది.

శనివారం సభకు ఆయన మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళాడు. అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టింది. ఆయన తలను బల్ల మీద నిలబెట్టి, మైనం సంగతీ పాత తలల సంగతీ చెప్పి, చివర్లో ఒక ప్రశ్న వేశాడు. ఒక చెంప ఇఫేలో పుట్టింది, ఒక చెంప నాచారంలో పుట్టింది, ఏది ఏదో చెప్పండి అని. అందరూ వచ్చి వంగి వంగి చూశారు. సగం మంది తప్పు చెప్పారు. ఆయన నన్ను వేలుపెట్టి చూపించి "మా అన్న" అన్నాడు. నిలబడాల్సి వచ్చింది. జన్మలో అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడొచ్చిందో చెప్పలేను. అమ్మ రెండు సమోసాలు తిని, మూడోది ఆయన కోసం కొంగులో కట్టుకుంది.

అయినా చిక్కు తీరలేదు. చూసేవాళ్ళు మోసపోవచ్చు, కానీ నాయనమ్మ కళ్ళతో చూడదు. రెండు నెలలకు ఆయన చదువు అయిపోయింది. వెళ్ళేరోజు అమ్మ పొట్లం కట్టిన ఎండుచేపలు పెట్టెలో సర్దుతుంటే, నేను ఆయన్ని పక్కకు పిలిచి, నాయనమ్మకు తప్పు నాదేనని చెప్పమన్నాను.

"ముందుగాల ఏం జెప్పను. చేతుల పెడ్త. ఆమెనే జెప్తది" అన్నాడు.

ఆ తర్వాత నా బొటనవేలికి మనశ్శాంతి లేదు. ఏ మూత తడిమినా ఆ ముసలామె చెయ్యే గుర్తుకొచ్చేది. నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. వానాకాలం వచ్చాక ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే నీలం కవరు వచ్చి ఉంది. తినకముందే అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను.

ఆయన అన్నట్టే ఏమీ చెప్పకుండా తలను నాయనమ్మ చేతిలో పెట్టాడట. ఆమె కుడి చెంప తడిమి తల ఊపిందట. ఎడమ చెంప మీదికి రాగానే వేలు ఆగిందట. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి గోటితో నడిపించిందట. "ఇది మైనంలో పుట్టిన గీత కాదు, ఇనుముతో తవ్విన గీత. మా అన్న చెయ్యి కాదు. ఎవరిది?" అని అడిగిందట. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయి, జరిగిందంతా చెప్పేశాడట. ఆమె అంతా విని, గీతలు పోగొట్టినవాడు మళ్ళీ ఎందుకు పెట్టాడని అడిగిందట. "వాడికి అన్నం సయించలేదు, అందుకే" అని ఆయన చెప్పాడట. ఆమె చాలాసేపు నవ్విందట. ఆ ఊరి పేరు ఏమిటని అడిగి, నోరు తిరగక మూడుసార్లు అనిపించుకుని నేర్చుకుందట. ఇప్పుడు పొద్దున లేవగానే కుడి చెంప తడిమి అన్నను పలకరిస్తుందట. తర్వాత ఎడమ చెంప తడిమి "నాచారా, తిన్నావా" అని అడుగుతుందట.

ఉత్తరం మడిచాను. అమ్మ తన పచ్చబొట్టు మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

"గోరు తగిలిందన్నదా?" అని అడిగింది.

"తగిలిందటమ్మా."

"మాల్ వాపస్ అనలే గద?"

"అనలేదే."

"అయితే లేసి తిను" అంది అమ్మ.